రిటైరైన బ్యాట్‌మ్యాన్ కథలో అంత ఏముంది అంటే

మీరు అడిగింది ఇదీ: సినిమాలన్నీ చూశారు, కామిక్స్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు, అందరూ ఆకాశానికెత్తేస్తున్నారు కదా అని ది డార్క్ నైట్ రిటర్న్స్ తెరిస్తే పేజీ నిండా అగ్గిపెట్టెల్లాంటి చిన్న చిన్న గళ్ళు, సగం గళ్ళలో టీవీ యాంకర్లు వాగుతూ ఉంటారు, బ్యాట్‌మ్యాన్ ఎక్కడా కనపడడు, పదిహేను పేజీల దగ్గర విసుగొచ్చి మూసేశారు. ఇందులో అంత ఏముంది, వదిలేస్తే నష్టమా అని.

నష్టమేనండి, చాలా. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు, మొదటిసారి నేనూ అంతే, టీవీ గళ్ళన్నీ గబగబా దాటేసి ఫైట్లు మాత్రం చూసి "ఆ బానే ఉంది" అని పక్కన పడేశా. కొన్నేళ్ళ తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీసి ఈసారి ఒక్క గడి కూడా వదలకుండా చదివితే అప్పుడు తెలిసింది నేను మొదటిసారి చదివింది అసలు ఈ పుస్తకమే కాదని. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కింద కథ మొత్తం బయటపెట్టేస్తున్నా, 1986 లో వచ్చిన పుస్తకం కాబట్టి ఏమీ అనుకోకండి, పైగా కథ తెలిసి చదివినా ఇందులో మజా తగ్గదు.

ముందు రెండు ముక్కల్లో సంగతి. రాసింది బొమ్మలు గీసింది ఫ్రాంక్ మిల్లర్, ఇంకింగ్ అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే పని క్లౌస్ జాన్సన్, రంగులు లిన్ వార్లీ. మొత్తం నాలుగు పుస్తకాలు, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్ళు 1986 లో వేశారు. అప్పట్లో వాళ్ళ మామూలు కామిక్ 75 సెంట్లకి దొరికితే ఇది ఒక్కో పుస్తకం 2.95 డాలర్లు, మంచి కాగితం, చదరపు వెన్ను, అంటే చదివి పారేసేది కాదు అల్మరాలో పెట్టుకునేది అని వాళ్ళే ముందుగా చెప్పేశారన్నమాట. కథలో బ్రూస్ వేన్‌కి 55 ఏళ్ళు, బ్యాట్‌మ్యాన్ వేషం వదిలేసి పదేళ్ళు. మిల్లర్ అప్పటికి ముప్పై దగ్గర పడుతున్న కుర్రాడు. బ్యాట్‌మ్యాన్ ఏమో ఎప్పుడూ 29 దగ్గరే ఆగిపోయిన మనిషి కదా, చిన్నప్పటి హీరో కంటే తను పెద్దవాడైపోవడం మింగుడు పడక హీరోనే ఇంకా ముసలాణ్ణి చేసేశానని మిల్లర్ చెప్పుకునేవాడు. నాకు ఈ ముక్క చాలా ఇష్టం, ఇంత చీకటి పుస్తకం పుట్టింది ఒక కుర్రాడి పుట్టినరోజు బెంగలోంచి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చాలామంది ఈ పుస్తకాన్ని "ముసలి హీరో మళ్ళీ తిరిగొచ్చి దుమ్ము దులిపేస్తాడు" అని చెప్తారు, మీకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు, అందుకే పదిహేను పేజీలైనా హీరో రాలేదేంటి అని విసుగొచ్చింది. నాకైతే ఇది దెయ్యం కథ. దెయ్యం పట్టిన మనిషి కథ. బ్రూస్ మనసులో మాటలు జాగ్రత్తగా చూడండి, లోపల ఉన్నదాన్ని "నేను" అనడు, "వాడు" అంటాడు, "ఆ జీవి" అంటాడు. కడుపులో మెలికలు తిరుగుతోంది, గుర్రుమంటోంది, నాకేం కావాలో నాకే చెప్తోంది అంటాడు. నిద్రలో వాడొచ్చి నవ్వుతాడు తిడతాడు, ఒళ్ళు తెలియని వేళ నడిపించుకుని ఇంటి కిందున్న బ్యాట్‌మ్యాన్ గుహలోకి తీసుకెళ్ళిపోతాడు, తెల్లారాక చూసుకుంటే కింద గుహలో ఉంటాడు ఈయన. మామూలు సూపర్‌హీరో కథల్లో మనిషి వేషం వేసుకుంటాడు, ఇక్కడ వేషమే మనిషిని వేసుకోవాలని చూస్తోంది. రిటైర్‌మెంట్ అంటే ఈయనకి విశ్రాంతేమీ కాదు, పదేళ్ళుగా తలుపుకి వీపు ఆనించి అవతల ఉన్నదాన్ని రానివ్వకుండా తోసి పట్టుకుని నిలబడటం.

మొదటి పేజీ కూడా అందుకే కార్ల రేసుతో మొదలవుతుంది. కారు అదుపు తప్పుతోంది, మంటలు, అయినా చివరి క్షణం దాకా దిగడు, ఇలా పోతే బాగానే ఉంటుంది కానీ అంత బాగా ఉండదు అని ఆలోచిస్తూ ఉంటాడు. మీసం పెంచిన పెద్దమనిషి, డబ్బుకి లోటు లేదు, చావు ఎక్కడ బాగుంటుందో రుచి చూసుకుంటూ తిరుగుతున్నాడు. మీరు ఈ పేజీ చదివే ఉంటారు, మళ్ళీ ఒకసారి చూడండి.

సరే ఆ గళ్ళ సంగతి. పేజీని అడ్డంగా నాలుగు నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గళ్ళుగా కొట్టాడు మిల్లర్. అన్ని పేజీలూ అచ్చంగా పదహారు ఉండవు, ఒక్కోచోట రెండు మూడు గళ్ళు కలిపేసి పెద్ద పానెల్ చేస్తాడు, కానీ ఆ పదహారు గళ్ళ కొలత మాత్రం పాటకి తాళంలా అడుగున నడుస్తూనే ఉంటుంది. మీకు ఊపిరాడనట్టు అనిపించింది చూశారా, అది పొరపాటున వచ్చింది కాదు. ఊరంతా ఎండకి ఉడికిపోతోంది, వానలేదు, మ్యూటెంట్స్ అని ఒక కుర్రాళ్ళ ముఠా జనాల్ని చంపుకుంటూ తిరుగుతోంది, ఈయన లోపల ఒకటి కొట్టుకుంటోంది, ఇవన్నీ ఆ ఇరుకు గళ్ళలో కుక్కేశాడు. పేజీయే బోను అన్నమాట. ఆ బోను ఎప్పుడు తెరుచుకుంటుందా అని మన చేత ఎదురుచూపించడమే మొదటి సగం పని.

మీరు ఆపేసిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది, ముత్యాల పేజీ. అది ఒక్కటి ఓపిగ్గా చూడమని బతిమాలుతున్నా. బ్రూస్ రాత్రి పూట టీవీ ముందు కూర్చుంటాడు, చానల్ మారుస్తుంటే ది మార్క్ ఆఫ్ జోరో వస్తుంది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో కలిసి చూసిన సినిమా అది, చూసి బయటికొచ్చిన రాత్రే వాళ్ళిద్దర్నీ సందులో కాల్చి చంపేశారు. ఇక అక్కణ్ణుంచి మాటలు ఆగిపోతాయి. చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కటే వస్తువు. తుపాకి. నాన్న చెయ్యి. పిల్లాడి మొహం. తుపాకి గొట్టానికి అమ్మ మెడలో దండ చిక్కుకోవడం. దారం బిగుసుకోవడం. తెగడం. గాల్లో ఒక్కో ముత్యం. అర సెకనులో అయిపోయిన పనిని అన్ని గళ్ళు చేసి పరిచాడు, కళ్ళు మూసుకున్నా ఈయనకి కనపడేది అలాగే కదా మరి, ముక్కలు ముక్కలుగా, ఎప్పటికీ కింద పడని ముత్యాల్లాగా. తల్లిదండ్రుల హత్య కథ కామిక్స్‌లో 1939 నుంచీ ఉంది, డిటెక్టివ్ కామిక్స్ 33 వ సంచికలో మొదటిసారి చెప్పారు, కానీ ఆ దండ తెగి ముత్యాలు చెదిరిపోయే బొమ్మ మన కళ్ళకి ఇంతలా అలవాటైంది ఈ పుస్తకం వల్లే. 2016 లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ చూసుంటారు కదా, దాని మొదట్లో తుపాకికి దండ చిక్కుకునే షాట్, అది ఇక్కణ్ణుంచి ఎత్తిందే.

దాన్నుంచి తప్పించుకుందామని చానల్ మారుస్తాడు, వార్తలు. మళ్ళీ మారుస్తాడు, ఇంకో హత్య. మళ్ళీ మారిస్తే ఇంకో దారుణం. అప్పుడు అర్థమైంది నాకు ఆ టీవీ గళ్ళు ఎందుకో. టీవీ గడి, జ్ఞాపకం గడి, రెండూ ఒకే సైజు ఒకే ఆకారం, కాబట్టి ఈయన తల లోపల మోత ఏదో ఊళ్ళో మోత ఏదో విడదీయలేం. చివరికి కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని గబ్బిలం లోపలికి వచ్చేస్తుంది, వాన మొదలవుతుంది. తలుపు ఇక ఆగదు.

ఆ తర్వాత కూడా వెంటనే చూపించడండి మహానుభావుడు! ఒక చెయ్యి, ఒక నీడ, రౌడీల అరుపులు, కేప్ అంచు, ఇంతే. పోలీసు కారులో ఒక ముసలి పోలీసు ఒక కుర్ర పోలీసు ఉంటారు, కుర్రాడు కంగారు పడిపోతుంటే ముసలాయన మాత్రం ఇప్పుడు చూడరా తమాషా అన్నట్టు నవ్వుకుంటూ కారు స్లో చేస్తాడు. అప్పుడు, అన్ని ఇరుకు గళ్ళ తర్వాత, పేజీ తిప్పితే పేజీ మొత్తం ఒకే బొమ్మ. ఒళ్ళంతా నొప్పులతో కదల్లేక పడుండాల్సిన వయసు, అయినా ముప్పై ఏళ్ళవాణ్ణి, కాదు ఇరవై ఏళ్ళవాణ్ణి అనుకుంటాడు, ఒంటి మీద పడే వాన మళ్ళీ పుట్టినప్పటి స్నానంలా ఉందంటాడు. పూనకం అంటే అదీ. నాకు ఆ పేజీ దగ్గర ఇప్పటికీ ఊపిరి వదిలినట్టు ఉంటుంది, అంతసేపు బిగబట్టానని అప్పుడే తెలుస్తుంది. గళ్ళు దాటేసి వచ్చినవాడికి ఇది జస్ట్ మంచి పోస్టర్, గళ్ళన్నీ నమిలి వచ్చినవాడికి వేరే లెక్క.

చిన్న పిట్టకథ: ఆ ఛాతీ మీద పసుపు రంగు గుండ్రం లోగో ఉంటుంది కదా, పిల్లల బొమ్మల మీద ఉండేది. మొదటి పుస్తకంలో ఆయన్ని సరిగ్గా అక్కడే కాలుస్తారు, కింద కవచం ఉంటుంది, తలకి కవచం పెట్టలేను కదా అందుకే గుండె మీద గురి గీసుకున్నా అంటాడు. అన్నేళ్ళుగా ఉన్న ఒక డిజైన్‌కి ఒక్క మాటతో కారణం పుట్టించేశాడు. మ్యూటెంట్స్ నాయకుడి చేతిలో చావుదెబ్బలు తిన్నాక వేసుకునే కొత్త డ్రెస్‌లో ఆ పసుపు ఉండదు, పెద్ద నల్ల గబ్బిలం మాత్రమే. మొదటి గొడవలో బలం చూపించబోయి చిత్తుగా ఓడిపోతాడు, రెండోసారి బురద గుంటలోకి రప్పించి డాక్టర్ ఆపరేషన్ చేసినట్టు ఒక్కో నరం ఒక్కో కీలు లెక్కపెట్టి పడగొడతాడు. ముసలాడు ముసలాడిలా గెలవడం అంటే ఏంటో అక్కడ చూడండి.

జేసన్ గురించి చెప్పకపోతే దెయ్యం కథ సగమే చెప్పినట్టు. గుహలో అద్దాల పెట్టెలో రాబిన్ డ్రెస్ ఒకటి నిలబెట్టి ఉంటుంది, రాబిన్ అంటే బ్యాట్‌మ్యాన్ పక్కనుండే కుర్ర సహాయకుడు, ఆ డ్రెస్ ఒకప్పుడు రాబిన్‌గా ఉన్న జేసన్ టాడ్‌ది. ఏమైందో ఎలా పోయాడో పుస్తకం ఎక్కడా చెప్పదు. వాడి కోసం మాట ఇచ్చా, అందుకే ఆ జీవిని బయటికి రానివ్వను అంటాడు బ్రూస్, అంతే. 1986 లో మామూలు నెలవారీ కామిక్స్‌లో జేసన్ బతికే ఉన్నాడండి, దూకుతూ గెంతుతూ ఉన్నాడు! రెండేళ్ళ తర్వాత 1988 లో డీసీ వాళ్ళు ఫోన్ ఓటింగ్ పెట్టారు, వీడు బతకాలా చావాలా అని, చావాలని 5,343 బతకాలని 5,271, అంటే 72 ఓట్ల తేడాతో పిల్లాణ్ణి చంపేశారు పాఠకులు. ఆ అద్దాల పెట్టె ముందే కాచుకుని కూర్చున్నట్టు ఉంటుంది వెనక్కి తిరిగి చూస్తే. అంత తెలిసీ ఈయన మళ్ళీ కారీ కెల్లీ అని 13 ఏళ్ళ పిల్లని రాబిన్‌గా పక్కన పెట్టుకుంటాడు, ఇంట్లో అన్నీ చూసుకునే ముసలి సేవకుడు ఆల్‌ఫ్రెడ్ గుర్తు చేస్తాడు కూడా, వినడు. బూడిద రంగు పుస్తకంలో ఆ పిల్ల ఎర్ర పచ్చ పసుపు బట్టలతో గెంతుతుంటే ముచ్చటేస్తుంది, గుండెలో కలుక్కుమంటుంది కూడా. వార్లీ రంగుల గొప్పతనం అది.

ఇంకొక్క చోటు చూపించి ఆపేస్తా దగ్గర్నుంచి చూపించడం. బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్ ఆర్కమ్ అనే పిచ్చాసుపత్రిలో ఏళ్ళుగా బొమ్మలా కూర్చుని ఉంటాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు. గదిలో టీవీ నడుస్తుంటుంది, బ్యాట్‌మ్యాన్ మళ్ళీ కనిపించాడని వార్త. మొహం మీద ఏమీ లేదు, తర్వాతి గడిలో పెదవి మూల కాస్త కదిలింది, ఇంకాస్త, ఇంకాస్త, నవ్వు. వాడూ రిటైరైనవాడే! వీడు లేచాడు కాబట్టి వాడు లేచాడు. ఇక్కడ పుస్తకం నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న అడుగుతుంది, ఈ మనిషి రోగానికి మందా లేక రోగమేనా అని. టీవీలో వోల్పర్ అనే సైకియాట్రిస్ట్ ఈయనే కారణం అంటాడు, లానా లాంగ్ అనే ఆవిడ కాదంటుంది, పొద్దస్తమానం కొట్టుకుంటారు. 1984 డిసెంబర్లో న్యూయార్క్ సబ్‌వేలో బెర్నార్డ్ గెట్స్ అనే అతను నలుగురు కుర్రాళ్ళని కాల్చాడు, హీరోనా నేరస్థుడా అని అమెరికా అంతా టీవీల్లో వాదించుకుంది, ఆ మోత ఇంకా చెవుల్లో ఉన్న టైంలో వచ్చిన పుస్తకం ఇది. అందుకే ఆ యాంకర్ల వాగుడు అప్పటివాళ్ళకి వింతగా ఉండి ఉండదు.

టూ-ఫేస్ అనే పాత విలన్ హార్వీ డెంట్ సంగతి కూడా అంతే. కాలిన సగం మొహాన్ని బ్రూస్ సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించి బాగు చేయిస్తాడు. కట్లు తీస్తే మొహం శుభ్రంగా ఉంది, హార్వీ మాత్రం ఇప్పుడు రెండు వైపులూ ఒకేలా ఉన్నాయి అని ఏడుస్తాడు, అంటే రెండూ కాలినట్టే వాడికి. బ్రూస్ ఆ మొహంలో చూసేది తన మొహాన్నే. పై గాయం మానితే లోపలిది మానుతుందని పదేళ్ళుగా తనకి తను చెప్పుకున్న అబద్ధం అక్కడితో సరి.

మూడో పుస్తకం జోకర్‌తో ఆఖరి లెక్క, టీవీ షోలో జనాన్ని చంపేశాక జాతరలాంటి ఫెయిర్‌లో ఇద్దరూ ఎదురుపడతారు, బ్యాట్‌మ్యాన్ వాడి మెడ విరిచి ప్రాణం తీయకుండా ఆగిపోతాడు, జోకర్ తనే మిగతా మెలిక తిప్పుకుని చచ్చి హత్య ఈయన మీద వేసి పోతాడు, నవ్వుతూ. నాలుగోది సూపర్‌మ్యాన్ వ్యవహారం, రష్యా మిసైలు, ఊరంతా కరెంటు పోవడం, ఈయన గుర్రం మీద రావడం, ఇవన్నీ మీరే చదువుకోండి. ఒక్కటే చెప్తా, సూపర్‌మ్యాన్‌తో కొట్లాట ఎక్కడ పెట్టుకున్నాడో గమనించండి, అమ్మానాన్న పోయిన ఆ సందులోనే. కారు రేసులో బాగోలేదనుకున్న చావు చివరికి అక్కడ దొరుకుతుంది, అది కూడా నాటకమే అనుకోండి. శ్మశానంలో క్లార్క్‌కి, అంటే సూపర్‌మ్యాన్‌కి, మట్టి కింద గుండె చప్పుడు వినపడే గడి చిన్నది, జారిపోతుంది జాగ్రత్త, విని కూడా కన్నుకొట్టి వెళ్ళిపోతాడు. అంతకంటే మంచి స్నేహం నేను ఈ కామిక్స్‌లో పెద్దగా చూడలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, భక్తుడిలా మాట్లాడను. వోల్పర్‌ని మరీ జోకులాగా చేసి చంపేశాడు, అవతలి వాదన చెప్పేవాడు వెధవైతే ఇక వాదన ఏముంటుంది. ఓడిపోయిన ముఠా కుర్రాళ్ళు బ్యాట్‌మ్యాన్ కొడుకులం అని పేరు పెట్టుకుని కనిపించినవాణ్ణల్లా కొడుతుంటే పుస్తకం దాన్ని తప్పంటోందో ముచ్చట పడుతోందో నాకు ఇప్పటికీ తేలలేదు. సూపర్‌మ్యాన్‌ని ప్రభుత్వం చెప్పినట్టు ఆడేవాడిగా చూపించడం ఈ కథకి బ్రహ్మాండంగా కుదిరింది కానీ తర్వాత వచ్చినవాళ్ళంతా అదే పట్టుకుని ఆయన పరువు తీశారు. అసలు దీన్ని చూసి ముప్పై నలభై ఏళ్ళుగా ప్రతి హీరోనీ కోపిష్ఠి ముసలాణ్ణి చేసేవాళ్ళు ఈ చీకటిని తీసుకున్నారు గానీ ఇందులో ఉన్న వెటకారాన్ని వదిలేశారు. అవునండి ఇది చాలా చోట్ల నవ్వించే పుస్తకం, ఆల్‌ఫ్రెడ్ మాటలు ఒక్కటీ వదలకండి.

ఇక చదివే పద్ధతి. ఎవరి మనసులో మాట అన్నది క్యాప్షన్ బాక్స్, అంటే ఆ మాటలు రాసిన చిన్న డబ్బా రంగు చూసి పట్టుకోండి, బ్రూస్‌ది బూడిద రంగు, సూపర్‌మ్యాన్‌ది నీలం, ఇది తెలియకే చాలామంది నాలుగో పుస్తకంలో తికమక పడతారు. టీవీ ఆకారంలో ఉన్న గళ్ళని పక్క గదిలో టీవీ నడుస్తున్నట్టు వినండి, ప్రతి పేరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, కానీ దాటేయొద్దు. ఫోన్లో ఒక్కో పానెల్ పెద్దది చేసుకుని చదివే మోడ్ ఉంటుంది చూశారా, దీనికి మాత్రం అది వద్దే వద్దు, పేజీ మొత్తం ఒక్కసారి కంట్లో పడకపోతే బోనూ లేదు తలుపు తెరుచుకోవడమూ లేదు. 2012, 2013 లో రెండు భాగాలుగా యానిమేషన్ సినిమా వచ్చింది, బాగానే తీశారు, పీటర్ వెల్లర్ గొంతు కూడా సరిపోయింది, కాకపోతే ఆ మనసులో మాటలు తీసేశారు కాబట్టి దెయ్యం పోయి ఫైట్లు మిగిలాయి. పుస్తకం తర్వాత చూడండి.

అయిపోయాక ఏంటంటే 1987 లో మిల్లరే రాసి డేవిడ్ మజుకెల్లి బొమ్మలు వేసిన బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్ చదవండి, ఇది ముగింపైతే అది మొదలు, పొట్టిది, ఒక సాయంత్రం చాలు. మిల్లర్ దీనికి తర్వాత రాసిన కొనసాగింపులకి మాత్రం తొందరపడొద్దు, 2001 లో మొదలైన రెండోది తెరిస్తే నన్ను తిట్టుకుంటారు. రిటైరైన హీరోలే కావాలంటే జెఫ్ లెమైర్ రాసిన బ్లాక్ హ్యామర్ ఉంది, 2016 లో మొదలైంది, ఒక పొలంలో ఇరుక్కుపోయిన పాత హీరోల కథ, ఇంత గట్టిగా అరవదు, మెల్లగా కొరుకుతుంది.

ముందు మొదటి పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. ఒక్కో పుస్తకానికి ఒక్కో రోజు ఇవ్వండి, నాలుగూ ఒకే రోజు లాగించేస్తే కళ్ళు అలసిపోయి మళ్ళీ గళ్ళు దాటేస్తారు. మూడోది మాత్రం పొద్దున్నే లేవాల్సిన పని ఉన్న రోజు రాత్రి పూట తెరవకండి.